ముందు పొయ్యిలు ఆపిన అక్క

పెళ్లయి మణుగూరు క్వార్టర్లలో కాపురానికి వచ్చిన మొదటి ఆరు నెలలు నేను రోజూ దొంగతనంగా అన్నం పారేశాను. మా ఆయనకు తెలియకుండా, పాత పేపర్లో చుట్టి, తెల్లవారుజామున కుళాయి రాకముందే వెనక గోడ అవతలికి విసిరేసేదాన్ని.

మా ఆయన బొగ్గు ఓపెన్ కాస్టు గనిలో డంపర్ నడుపుతారు. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, మరో వారం సెకండ్, ఇంకో వారం నైట్. డ్యూటీ ఎప్పుడు దిగుతారో కాగితం మీద ఉంటుంది గానీ ఇంటికి ఎప్పుడొస్తారో ఉండదు. ఒకరోజు ఓటీ అంటారు. ఒకరోజు క్యాంటీన్లో తినేసి వస్తారు. ఒక్కోరోజు రెండు ముద్దలు తిని, కంచం ముందే కునికిపాట్లు పడతారు. ఇంత అనిశ్చితిలో నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే: ఎక్కువ వండి పెట్టుకోవడం. మాది మధిర. మా పుట్టింట్లో అందరూ తిన్నాక కూడా గిన్నెలో అన్నం కనిపిస్తేనే ఆ పూట భోజనం సరిగ్గా జరిగినట్టు. ఇద్దరు మనుషులకి మా అమ్మ ఇచ్చిన పెద్ద స్టీలు గ్లాసుతో మూడు గ్లాసుల బియ్యం పోసేదాన్ని. అప్పటికి ఫ్రిజ్ కొనలేదు. ఆ ఎండలకి రాత్రి అన్నం తెల్లారేసరికి పులిసిపోయేది.

ఒకరోజు పొట్లం విసిరి వెనక్కి తిరిగేసరికి పక్కింటి అక్క తన పెరట్లో కరివేపాకు కోస్తూ నన్నే చూస్తోంది.

"ఏంది చెల్లె, రోజూ పందులకు పెండ్లి చేస్తున్నవ్?" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు. కరివేపాకు కొంగులో వేసుకుని, "నీళ్లు పట్టుకున్నంక వస్త. నువ్వు బియ్యం కొలిచే గ్లాసు తీసి పెట్టు" అని లోపలికి వెళ్లిపోయింది.

మా వరసలో ఆరు ఇళ్లు. ఆమెది మా పక్క ఇల్లు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. వాళ్లాయన మా ఆయన పనిచేసే చోటే పంపు ఆపరేటరు. కూతురు ఖమ్మంలో నర్సింగు చదువుతోంది. వాళ్లది పినపాక దగ్గర అడవి అంచున ఒక గిరిజన గూడెం. ఊళ్లోవాళ్లు ఫోన్ చేస్తే ఆమె వేరే భాషలో గలగలా మాట్లాడేది. మాతో తెలుగే. వరసలో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్క అనే పిలిచేవాళ్లు.

చెప్పినట్టే వచ్చింది. నా గ్లాసు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి నవ్వింది.

"గిది నీళ్లు తాగే గ్లాసు కాదు, లారీ. నిన్న ఎంత పోసినవ్?"

"మూడు."

"ఎంత తిన్నరు?"

ఎంత వండాలో ఆలోచించాను గానీ ఎంత తిన్నామో ఎప్పుడూ చూడలేదు. అప్పుడు ఆమె మా వంటింట్లో గట్టు మీద చెయ్యి ఆనించి చెప్పిన మాట నాకు ఇప్పటికీ వంట చేసేటప్పుడల్లా వినిపిస్తుంది.

"ఆయన వచ్చేదాక అన్నం వండకు. ఎసరు పెట్టి ఉంచు. బియ్యం కడిగి ఉంచు. బండి చప్పుడు వినంగనే పొయ్యి అంటియ్యి. ఆ దుమ్మంతా వదిలేదాక తానం చేసి వచ్చేసరికి అన్నం అయితది. వచ్చినోడిని తలుపు కాడనే అడుగు, ఆకలి ఎంత ఉన్నదని. అడిగి వెయ్యి."

"వచ్చేసరికి వంట కాకపోతే ఏమనుకుంటారో అక్కా."

"అనుకుంటే నా పేరు చెప్పు."

ఆ రోజు ఫస్ట్ షిఫ్టు. మూడున్నరకి బండి చప్పుడు వినిపించింది. పొయ్యి అంటించి, అడగకముందే ఒక గ్లాసు బియ్యం వేసేశాను. తలుపు దగ్గరే అడిగాను, ఆకలిగా ఉందా అని. "మధ్యాహ్నం ఒకాయన బజ్జీలు తెచ్చిండు, తిన్న. కొంచెం చాలు" అన్నారు. నేను అప్పటికే వేసిన బియ్యంలో ఇంకొంచెం పోయకుండా చెయ్యి బిగబట్టుకున్నాను. ఆయన నల్లటి నీళ్లు కారుతుండగా రెండు బకెట్లు పోసుకుని వచ్చి కూర్చునేసరికి అన్నం పొగలు కక్కుతోంది. రెండో ముద్దకే తలెత్తి, "కొత్త బియ్యమా?" అని అడిగారు.

"కాదు, అవే."

"మరి గింత రుచి ఎట్ల వచ్చింది?"

నేను నవ్వాను. గిన్నెలో నాకు సరిపడా మిగిలింది, అంతే. మర్నాడు గోడ వైపు వెళ్లలేదు.

తర్వాత తర్వాత ఆమె పద్ధతులు ఒక్కొక్కటే గమనించాను. పొద్దున కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడి అందరినీ ఒకటే అడిగేది: "ఇయ్యాల ఎవరింట్ల ఎవరు లేరు? ఎవరింటికి ఎవరొస్తున్నరు?" కొత్తలో నాకది ఊసుపోక అడిగే మాటలా అనిపించింది. ఒక ఇంట్లో మనిషి నాగా పెట్టి ఊరికి పోతే, ఇంకో ఇంటికి చెప్పకుండా చుట్టాలు దిగితే, ఆ పూట ఈ ఇంటి పప్పు ఆ ఇంటికి చేరేది. అదీ ఎవరూ చెయ్యి పెట్టకముందు, వేరే గిన్నెలోకి తీసి. ఎంగిలి అనే మాటకి ఆమె చోటివ్వలేదు. తన ఇంట్లో బీరకాయ చెక్కు తొక్కు పచ్చడి అయ్యేది, కొత్తిమీర కాడలు చారులో పడేవి, వార్చిన గంజి ఉప్పేసి వాళ్లాయనకి గ్లాసుతో ఇచ్చేది. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను.

"నేర్చుకునేదేముంది? వానకాలంల మా గూడెంల వాగు పొంగితే వారం రోజులు ఎటూ పోలేం. ఇంట్ల ఎంత ఉన్నదో మా అమ్మకు ఎరికే. ఎవరు ఎంత తింటరో అదీ ఎరికే. గా రెండు తెలిస్తే చాలు."

వరసలో అందరూ ఆమెను మెచ్చుకున్నారని చెప్పలేను. చివరి ఇంటి వదిన అయితే మొహం మీదే అంది, "మా ఇంట్ల ఏం ఉడుకుతుందో నీకెందుకమ్మా" అని. అక్క ఇచ్చిన గిన్నెను ఆమె ఎప్పుడూ తీసుకోలేదు. పని ఉంది, ఉపవాసం అని చెప్పేది. అసలు కారణం అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. అక్క కూడా మళ్లీ అడగలేదు, అలాగని కుళాయి దగ్గర ఆమెను పలకరించడం మానలేదు.

రెండో ఏడాది మే నెలలో నాకు ఏడో నెల వచ్చింది. మా అమ్మ సీమంతం ఘనంగా చేస్తానని నాలుగు రోజుల ముందే మధిర నుంచి గుండిగలు, గరిటెలు, వంట మనిషితో సహా దిగింది. మా అమ్మ పుట్టింటి తరఫు చుట్టాలు రెండు వ్యాన్ల నిండా వస్తున్నారు. ఇంటి ముందు షామియానా వేశారు. పెరట్లో పెద్ద గ్యాస్ పొయ్యిలు పెట్టారు. పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ, పప్పు, సాంబారు, కొబ్బరి పచ్చడి, పరమాన్నం, దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం. అమ్మకి ఏదీ తక్కువగా చేయడం రాదు.

అక్క తెల్లవారకముందే సాయానికి వచ్చింది. వరసలో మిగతా ఆడవాళ్లు వంటింట్లోకి నడిచారు. అక్క కూడా గడప దాటబోతుంటే అమ్మ పీట ఒకటి షామియానా కింద వేయించి, "నువ్వు ఇక్కడ గాలికి కూర్చుని వంకాయలు చూడమ్మా" అంది. మాట మెత్తగానే ఉంది. అక్క ఒక్క క్షణం ఆగి, అలాగే వెళ్లి కూర్చుని కత్తిపీట ముందుకు లాక్కుంది. నేను లోపల గాజులు సర్దుకుంటూ అంతా చూశాను. ఒక్క మాట అనలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది.

పదిన్నర దాటాక ఫోన్ వచ్చింది. మా పెద్ద మేనమామ దాయాదుల్లో ఒక పెద్దాయన ఉదయం పోయారట. మామయ్య వాళ్లందరికీ మైల. రెండు వ్యాన్లూ కొత్తగూడెం దాకా వచ్చి వెనక్కి తిరిగాయి. మాకు మైల లేదు కాబట్టి ముహూర్తం ఆపక్కర్లేదు. కానీ తినాల్సిన వాళ్లలో సగానికి పైగా రారు.

అమ్మ పెరటి తలుపు దగ్గర కుర్చీలో కూలబడిపోయింది. చుట్టాయన పోయినందుకు ఒక బాధ, పేరంటం వెలవెలబోతుందని ఒక బాధ, కళ్లముందు గుండిగలు ఒక బాధ. "ఇదంతా ఏం చేయను? ఎవరికి పెట్టను?" అని పదేపదే అంటోంది. ఎవరో అనాథాశ్రమానికి ఫోన్ చేద్దామన్నారు, ఎవరో గుడి దగ్గర పంచుదామన్నారు. ఎవరి ఫోన్లు వాళ్లు తీశారు.

అక్క కత్తిపీట వాల్చి లేచింది. నేరుగా పెరట్లోకి వెళ్లింది. అక్కడ వంట మనిషి రెండో గుండిగలో ఎసరు మరుగుతుంటే, కడిగిన బియ్యం బుట్ట ఎత్తి పోయబోతున్నాడు.

"ఆగు, అన్నా. గా పొయ్యి ఆపు ముందు."

అతను అమ్మ వైపు చూశాడు. అక్కే వంగి మంట ఆపేసింది. "నానిన బియ్యం ఎటూ పోవు. ఆరబెట్టి పిండి పట్టిస్తే రొట్టెలకు పనికొస్తది" అని బుట్ట నీడకు జరిపింది. అప్పుడు అమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, పదకొండు అయితుంది. సెకండ్ షిఫ్టు పోయేటోళ్ల ఇండ్లల్ల ఇప్పుడిప్పుడే పొయ్యిలు ఎలిగిస్తరు. క్యారేజీలు కట్టాలె కదా. వాళ్లు వండుకున్నంక మనం ఎంత పిలిచినా ఏం లాభం? మన అన్నం మిగులుతది, వాళ్ల అన్నం మిగులుతది. ముందు గా పొయ్యిలు ఆపాలె. కుంకుమ భరిణె ఇయ్యుండ్రి, నేను పిలుచుకొస్త."

మేమంతా తినేవాళ్లను వెతుకుతున్నాం. ఆమె మాత్రం ఇంకా వండని ఇళ్లను ఆలోచించింది.

అమ్మ ఆమె మొహంలోకి చూసింది. పొద్దున గడప దగ్గర జరిగింది అమ్మకూ గుర్తొచ్చి ఉంటుంది. లేచి లోపలికి వెళ్లి వెండి భరిణె తెచ్చింది. ముందు అక్క నుదుట తానే బొట్టు పెట్టి, తర్వాత భరిణె చేతిలో పెట్టింది.

"మిగిలిందని చెప్పకమ్మా" అంది మెల్లగా.

"మిగలనే లేదమ్మా. ఇంకా ఎవరు ముట్టనన్న ముట్టలె. శుభకార్యానికి పిలుస్తున్న, గంతే."

ఆ ఎండలో అక్క మా వరసే కాదు, వెనక రెండు వరసలూ తిరిగింది. నేను షామియానా కింద నుంచి చూస్తున్నాను. ఒక్కో ఇంటి ముందు ఆగడం, బొట్టు పెట్టడం, రెండు మాటలు, మళ్లీ జల్దీ జల్దీ నడక. చివరి ఇంటి వదిన గుమ్మంలో మాత్రం అక్క కాస్త ఎక్కువసేపు నిలబడింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. తర్వాత అక్కే చెప్పింది: "ఏమన్లే. పొయ్యి మీద గిన్నె పెట్టినవా వదినె అని అడిగిన. లేదన్నది. అయితే పెట్టకు, చెల్లె సీమంతం, మీరు లేకుంటే ఎట్ల అన్న."

ముందుగా వచ్చింది ఆ వదినే. పట్టుచీర కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. తర్వాత వెనక వరసల ఆడవాళ్లు పువ్వులు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. నా ముందు కూర్చుని గాజులు తొడిగిన వాళ్లలో సగం మంది ముఖాలు నేను అంతకుముందు సరిగ్గా చూడనే లేదు. మగవాళ్లు పన్నెండున్నరకి తిని, బస్సు ఎక్కడానికి పరుగెత్తారు. వాళ్ల క్యారేజీల్లో సాయంత్రానికి పాడుకాకుండా ఉండేది పులిహోర అని అక్క అదే పెట్టించింది. పొద్దున క్వార్టర్ల రోడ్లు ఊడ్చిపోయే ఆడవాళ్లను కూడా పిలిచి అందరితో పాటు ఆకు వేసి కూర్చోబెట్టింది. అమ్మ వాళ్లకు స్వయంగా బూరెలు వడ్డించడం చూసి నేను ఆశ్చర్యపోయాను.

నాలుగు గంటలకి అందరూ వెళ్లిపోయారు. అమ్మ మొహం వెలిగిపోతోంది. గుండిగలు దాదాపు ఖాళీ. అన్నం కొంత, సాంబారు కొంచెం, ఒక బేసిన్లో పెరుగన్నం మిగిలాయి. సాంబారు మళ్లీ మరిగించి వరసలో గిన్నెల్లోకి సర్దారు. పెరుగన్నం చూసి అమ్మ, "మధ్యాహ్నం తిన్నారే, ఆ ఊడ్చేవాళ్లు, వాళ్లకి ఇచ్చేద్దాం. ఇంటికి పట్టుకెళతారు" అంది.

అక్క బేసిన్ మీద మూత తీసి రెండు వేళ్లతో ఒక ముద్ద తీసి చూసింది. వేళ్ల మధ్య సన్నగా జిగురు సాగింది. వాసన చూసి మూత పెట్టేసింది.

"వద్దమ్మా."

"పులుపెక్కిందంతే కదమ్మా. పారేయడం ఎందుకు?"

"మనం తింటమా ఇది?"

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"మనం తినంది వాళ్లకెట్ల ఇస్తం? తిని కక్కులు, బేదులు అయితే దవాఖానా చుట్టు తిరిగేది వాళ్లే కదా."

బేసిన్ ఎత్తుకుని తన పెరట్లోకి వెళ్లింది. బొప్పాయి చెట్టు దగ్గర గడ్డపారతో గుంట తీసి, అందులో ఒంపి, మట్టి కప్పింది. ఆమె తిండి పారబోయడం నేను చూసింది ఆ ఒక్కసారే. కప్పేశాక వెంటనే లేవలేదు. గడ్డపార ఒడిలో పెట్టుకుని అక్కడే కూర్చుంది. నేను పెద్ద పొట్టతో మెల్లగా నడుచుకుంటూ గోడ దాకా వెళ్లాను.

"పోనీలే అక్కా, ఇంత వంటలో అదొక్కటే కదా."

"అది కాదు చెల్లె. నా తప్పే. పెరుగన్నం ముందుగాల వడ్డియ్యమని చెప్పాలె. తియ్యటియి ముందుగాల పోనిచ్చిన. బూరెలు రేపటిదాక ఉంటయి, దీనికి టైం లేదని తెల్వదా నాకు? తెలిసి మర్చిపోయిన."

ఆ రోజు మా ఇంటి పరువు నిలబెట్టిన మనిషి ఒక్క బేసిన్ పెరుగన్నం కోసం అలా బాధపడుతోంది. ఎదుటివాళ్ల తప్పులు లెక్కపెట్టే వాళ్లని చాలామందిని చూశాను. మిగతావాళ్లు మెచ్చుకుంటున్న రోజున తన తప్పు తానే వెతుక్కున్న వాళ్లని ఆమె తర్వాత పెద్దగా చూడలేదు.

మిగిలిన తెల్లన్నంలో ఆ సాయంత్రం నీళ్లు పోసి ఉంచారు. మర్నాడు పొద్దున అక్క ఆ అన్నాన్ని నీళ్లు వార్చి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి మెత్తగా రుబ్బింది. డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టడానికి కూర్చుంది. కాసేపటికి చూస్తే అమ్మ కూడా మెట్లెక్కి వెళ్లి చీరకి ఇంకో కొసన కూర్చుంది. ఎండ ముదరకముందే ఇద్దరూ చీర నిండా పెట్టేశారు. ఒకరి ఊరి వడియాల గురించి ఒకరు అడుగుతున్నారు. అమ్మ నువ్వులు వేయాలంటుంది, అక్క వాము అంటుంది. నేను కింద నుంచి వింటూ కూర్చున్నాను. రెండు రోజుల మే ఎండకి అవి గలగలలాడేలా ఎండాయి. అమ్మ తన వంతు డబ్బాలో పోసుకుని మధిర తీసుకెళ్లింది.

ఆ తర్వాత రెండేళ్లకి మా ఆయనకి సత్తుపల్లి బదిలీ అయింది. ఇంకొన్నేళ్లకి అక్క వాళ్లాయన రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి వాళ్లు తమ గూడేనికి వెళ్లిపోయారు. ఇల్లు కట్టుకున్నారు, పత్తి, వరి వేస్తున్నారు. కూతురు భద్రాచలంలో నర్సు. నేను ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. మా ఇంట్లో ఇప్పటికీ బండి చప్పుడు వినిపించాకే పొయ్యి వెలుగుతుంది. మా అమ్మాయి బడి నుంచి రాగానే చెప్పులు విప్పుకుంటూనే "నాకు కొంచెమే" అనో, "ఇయ్యాల చాలా ఆకలి" అనో అరుస్తుంది. అది ఇంకెక్కడా నేర్చుకోలేదు.

కానీ ఎక్కువ మారింది నేను కాదు, అమ్మ. మొన్న మాఘమాసంలో మా తమ్ముడి గృహప్రవేశం మధిరలో జరిగింది. పిలుపులప్పుడు అమ్మ, "మణుగూరు అక్కని నేనే పిలుస్తాను, నంబరు ఇవ్వు" అంది. ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. అక్క ముందురోజే వచ్చింది, జుట్టు సగం నెరిసింది, నడక మాత్రం అదే. అమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, బియ్యం బస్తా పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. వంట మేస్త్రీ ఒకేసారి ఎంత పోయమంటారని అడిగితే, "మొదటి బంతి కూర్చున్నాక చెబుతాం" అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ మేస్త్రీకి అలాంటి జవాబు ఎప్పుడూ ఎదురైనట్టు లేదు, నా వైపు చూశాడు. "వాళ్లు చెప్పినట్టే చెయ్యండి" అన్నాను.

ఆ రోజు రెండో బంతికి పదినిమిషాలు ఆలస్యమైంది. మా బాబాయి ఒకాయన, "ఏమిటి వదినా, పిలిచి కూర్చోబెట్టి అన్నం ఉడికిస్తున్నారా?" అని ఎగతాళి చేశాడు. అమ్మ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "వేడి వేడిగా తిందువు గాని, కూర్చో" అంది. ఆయన తిని లేచేటప్పుడు అన్నం బాగుందని తానే చెప్పి వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం రైలుకి అక్క డోర్నకల్ మీదుగా వెళ్లిపోయింది. స్టేషన్ దాకా అమ్మే వెళ్లింది. తిరిగి వచ్చి చెప్పులు విడుస్తూ, ఎవరితో అన్నట్టూ కాకుండా, "ఇంకొక్క రోజు ఉండమని గట్టిగా అడగాల్సింది. నేను సరిగ్గా అడగలేదు" అంది.